పందిరి పుచ్చే నెలలు

"మా మేనల్లుడు జిల్లా స్థాయిలో కబడ్డీ ఆడతాడు. మోకాల్లో ఎముకలను పట్టి ఉంచే ఏసీఎల్ అనే లిగమెంట్ తెగితే ఆపరేషన్ చేశారు. మూడు నెలలైంది. నొప్పి లేదు, వాపు లేదు, మెట్లు ఎక్కి దిగుతున్నాడు. ఎవరో అమెరికా ఆటగాడు ఏసీఎల్ తెగిన మూడు నెలలకే పల్టీలు కొడుతున్న వీడియో చూపించి, నేనెందుకు ఆడకూడదు అంటున్నాడు. వాడికి ఏం చెప్పమంటారు?" ఖమ్మం వైపు నుంచి ఒక పాఠకుడు అడిగిన ప్రశ్న ఇది.

ఆ వీడియో నేనూ చూశాను. ఒకసారి చూసి ఊరుకోలేదు కూడా. అందులో ఉన్నది లాండన్ డికర్సన్. ఆరడుగుల ఆరంగుళాల పొడుగు, దాదాపు 150 కిలోల బరువు. అప్పట్లో అలబామా యూనివర్సిటీ ఫుట్‌బాల్ జట్టులో సెంటర్. అంటే బంతిని తన కాళ్ళ మధ్య నుంచి వెనక్కి అందించి, మరుక్షణం ఎదుటివాడి ఛాతీకి అడ్డం పడేవాడు. అమెరికన్ ఫుట్‌బాల్ నియమాలు చెప్పే ఓపిక నాకు లేదు, ఈ వ్యాసానికి అవసరమూ లేదు. ఒక్కటి గుర్తుంటే చాలు: అఫెన్సివ్ లైన్‌లో, అంటే బంతి చేతిలో ఉన్న జట్టు ముందు వరసలో, సెంటర్‌తో కలిపి ఉండే ఐదుగురూ పరిగెత్తి పేరు తెచ్చుకోరు. గోడలా నిలబడి, వెనక ఉన్నవాణ్ణి కాపాడతారు.

ఈ గోడకు మొదటినుంచీ బీటలే. 2016లో ఫ్లోరిడా స్టేట్ యూనివర్సిటీలో మొదటి ఏడాదే మోకాల్లో ఏసీఎల్ తెగింది. తర్వాతి రెండు సీజన్లూ గాయాలతో మధ్యలోనే ఆగిపోయాయి. 2019లో అలబామాకు మారాడు. 2020 డిసెంబర్ 19న అట్లాంటాలో ఫ్లోరిడాతో మ్యాచ్‌లో మళ్ళీ ఏసీఎల్. 23 రోజుల తర్వాత, 2021 జనవరి 11న, ఒహాయో స్టేట్ మీద అలబామా 52-24తో జాతీయ టైటిల్ గెలుస్తుండగా, చివరి క్షణాల్లో పూర్తి యూనిఫాం వేసుకుని మైదానంలోకి వచ్చి బంతి అందించాడు. మార్చిలో, ప్రొఫెషనల్ జట్ల ప్రతినిధులు ఆటగాళ్ళను చూడటానికి వచ్చిన రోజున, చక్రం దొర్లినట్టు పక్కకు పల్టీలు కొట్టాడు. మీవాడు చూసింది అదే.

ముందు ఆ 23వ రోజు సంగతి చూద్దాం. లిగమెంట్ పనిచెయ్యని మోకాలితో మనిషి ఎలా నిలబడ్డాడు?

ఏసీఎల్ అంటే తొడ ఎముక అడుగు నుంచి ముంగాలి ఎముక పైభాగానికి, కీలు లోపల ఏటవాలుగా సాగే పట్టీ. మూడు సెంటీమీటర్ల పొడవు, సుమారు చిటికెన వేలి మందం. మన బరువు మొయ్యడం దాని పని కాదు. బరువు ఎముకలు మోస్తాయి, కండరాలు నిలబెడతాయి. ముంగాలి ఎముక ముందుకు జారకుండా, మెలి తిరిగిపోకుండా పట్టి ఉంచడం దాని పని. కాబట్టి తిన్నగా నిలబడటానికి, తిన్నగా నడవటానికి ఏసీఎల్ లేకపోయినా ఫర్వాలేదు. పాదం నేలకు అతుక్కుని ఉండగా ఒళ్ళు తిరిగితేనే దాని లోటు తెలుస్తుంది. ఆ రోజు డికర్సన్ వంగి బంతి ఇచ్చిన ఆటలో, దాన్ని అందుకున్న క్వార్టర్‌బ్యాక్ వెంటనే మోకాలు నేలకు ఆనిస్తాడు, ఎదుటి జట్టు తొయ్యదు. అది వీడ్కోలు మర్యాదే తప్ప మోకాలికి పరీక్ష కాదు.

కబడ్డీలో పరీక్ష ఎక్కడొస్తుందో మీవాడికి నేను చెప్పక్కర్లేదు. రైడర్ కాలు చీలమండ దగ్గర దొరికింది. పాదం అక్కడే ఉంది, ఒళ్ళు గీత వైపు తిరిగింది. డికర్సన్ లాంటి లైన్‌మన్‌కు కూడా దాదాపు ఇదే గతి: బూటు మేకులు గడ్డిలో దిగి ఉంటాయి, వెనక నుంచి ఎవడో దొర్లుకుంటూ వచ్చి కాలి మీద పడతాడు. అందుకే కాలేజీ లైన్‌మన్లలో చాలామంది రెండు మోకాళ్ళకూ కీళ్ళున్న లోహపు బ్రేస్‌లు వేసుకుంటారు. పక్క నుంచి పడే దెబ్బకు అవి కొంత అడ్డు. లోపలి మెలికను అవి పెద్దగా ఆపలేవు.

ఇక నాకు ఇష్టమైన చోటికి వస్తాను. మోకాలి లోపలి పక్కన ఎంసీఎల్ అని ఇంకో లిగమెంట్ ఉంది. అది తెగితే చాలాసార్లు కొన్ని వారాల్లో తనంతట తానే అతుకుతుంది. దానికి రెండంగుళాల దూరంలో ఉన్న ఏసీఎల్ పూర్తిగా తెగితే చాలామందిలో అతకదు. అదే మనిషి, అదే రక్తం, అదే రకం పీచు. తేడా ఎక్కడ?

పెరట్లో చిక్కుడు పాదు వేసినవాళ్ళకు ఇది సులువుగా అర్థమవుతుంది. తీగ గాలిలో పాకదు, దానికి పందిరి కావాలి. తెగిన చోట శరీరం వేసే మొదటి పందిరి రక్తపు గడ్డ. గడ్డలో ఫైబ్రిన్ అనే సన్నటి దారాల వల ఉంటుంది. కణాలు ఆ వలను పట్టుకుని ఈ కొస నుంచి ఆ కొసకు పాకి, వెనక్కి తిరిగి చూసుకుంటూ కొలాజెన్ పీచు నేస్తాయి. ఎంసీఎల్ కీలు బయట కండ మధ్య ఉంది కాబట్టి గడ్డ కదలకుండా ఉంటుంది, పందిరి నిలుస్తుంది. ఏసీఎల్ కీలు లోపల, జిగురు ద్రవంలో మునిగి ఉంటుంది. తెగినప్పుడు రక్తం బాగానే కారుతుంది, మోకాలు బుడగలా ఉబ్బేది అందుకే. కానీ ఆ ద్రవంలో ఫైబ్రిన్‌ను కరిగించే ఎంజైములు ఉంటాయి. పందిరి వేసిన రాత్రే ఏరు వచ్చి ఎత్తుకుపోయినట్టు. తీగకు ప్రాణం ఉంది, పాకడానికి ఆధారం లేదు. తెగిన కొసలు మొద్దుబారి ఎక్కడివక్కడ ఉండిపోతాయి.

ఇక్కడ ఒక పిడకల వేట. బెణుకంటే మనవాళ్ళు 'నరం మీద నరం ఎక్కింది' అంటారు. నరానికీ, కండరాన్ని ఎముకకు కట్టే స్నాయువుకీ, రక్తనాళానికీ కలిపి మనకున్నది ఒకటే మాట. బళ్ళో టెండాన్ అంటే స్నాయుబంధనం, లిగమెంట్ అంటే సంధిబంధనం అని రాయించి, మార్కులేసి పంపేస్తారు. ఒక్క పిల్లవాడి చేతయినా సొంత మోకాలు తడిమించరు. ఇంటికొస్తే, ఎదురుకాళ్ళతో పుట్టినవాళ్ళు తొక్కితే నడుం పట్టు పోతుందనే నమ్మకం సిద్ధంగా ఉంటుంది. పుత్తూరు కట్టు గురించి కూడా అడుగుతుంటారు. వెదురు బద్దలు, కోడిగుడ్డు సొన, ఆకు పసరు. విరిగిన ఎముకను కదలకుండా ఉంచడం మంచిదే, కట్టులో పనిచేసే భాగం అదే. ఏసీఎల్‌కు వచ్చిన చిక్కు కదలిక ఒక్కటే అయితే కట్టు ఆలోచించేవాణ్ణి. పందిరి కరిగిపోవడం అసలు చిక్కు. పసరు అక్కడిదాకా పోదు.

అందుకే సర్జన్ బయటి నుంచి పందిరి తెస్తాడు. మోకాలిచిప్ప కింది స్నాయువు నుంచి ఒక పట్టీనో, తొడ వెనక నుంచి స్నాయువు తీసి మడతలు వేసిన కట్టనో, ఎముకల్లో సొరంగాలు తొలిచి ఏసీఎల్ ఉండాల్సిన దారిలో బిగిస్తాడు. దీన్ని ఇంగ్లీషులో గ్రాఫ్ట్ అంటారు. తెలుగులో 'అంటు' అని అనువదించిన వ్యాసాలు చదివాను. ఆ మాటతో నాకు పేచీ ఉంది. మామిడి అంటు కడితే పైకొమ్మ బతికే ఉంటుంది, అదే చిగురిస్తుంది, అదే కాస్తుంది. మోకాల్లో బిగించిన స్నాయువుకు రక్తనాళాలు తెగిపోయాయి. దాని సొంత కణాల్లో చాలామటుకు మొదటి కొన్ని వారాల్లోనే చచ్చిపోతాయి. మిగిలేది పీచు. ప్రాణం లేని, కానీ గట్టి పీచు. అంటే అది అంటు కాదు, పందిరి.

బిగించిన రోజున ఈ పందిరి అసలు దానికన్నా గట్టిది. యువకుల ఏసీఎల్ తెగడానికి ప్రయోగశాలలో సుమారు 2,160 న్యూటన్లు పట్టింది, అంటే 220 కిలోలు వేలాడదీసినంత. సెంటీమీటరు వెడల్పున్న చిప్ప స్నాయువు పట్టీ 3,000 న్యూటన్లకు దగ్గరగా వస్తుంది. నాలుగు పొరల తొడ స్నాయువు అంతకన్నా ఎక్కువ. ఆ లెక్కన ఆపరేషన్ మర్నాడే ఆడొచ్చు! కానీ పందిరికి తీగ ఎక్కాలి కదా. చుట్టుపక్కల నుంచి రక్తనాళాలు పాకుతాయి, వాటి వెంట కొత్త కణాలు వస్తాయి. నా పోలిక ఇక్కడ కొంచెం ఒరుగుతుంది, ఎందుకంటే చిక్కుడు తీగ పందిరిని తినదు. ఈ తీగ తింటుంది. కొత్త కణాలు పాత పీచును కొరికి, కరిగించి, ఆ జాగాలో సొంత పీచు నేస్తాయి. కొత్తగా నేసేది మొదట సన్నటి దారం, టైప్ 3 కొలాజెన్ పాలు ఎక్కువ. సరుగుడు గుంజలు పుచ్చడం మొదలైంది, తీగ కాండం ఇంకా ముదరలేదు. పందిరి మొత్తంలో అంతకన్నా బలహీనమైన కాలం ఉండదు. జంతువులలో చేసిన ప్రయోగాల్లో ఈ పల్లం ఆరు నుంచి ఎనిమిది వారాల దగ్గర కనిపించింది. మనుషుల్లో ఈ మార్పు ఇంకా నింపాదిగా, నెలల తరబడి సాగుతుంది.

ఇప్పుడు మీవాడి మూడో నెల చూడండి. కోతల నొప్పి పోయింది. వాపు తగ్గింది. వాపున్నంతకాలం తొడ ముందు కండరాన్ని వెన్నుపాము స్థాయిలోనే నొక్కి ఉంచే ఒక రిఫ్లెక్స్ ఉంది, అది కూడా సడలింది, కాలికి బలం వస్తున్నట్టుంది. లోపల జరిగేది తెలియజెప్పే సంకేతం ఒక్కటీ లేదు. తెగిన ఏసీఎల్‌తో పాటే అందులోని నాడీ కొసలూ పోయాయి, కొత్త పందిరికి అవి సరిగా రాలేదు. పుచ్చే గుంజకు నొప్పి తెలియదు. అన్ని రకాలుగా బాగున్నట్టు అనిపించే నెలలూ, పందిరి పుచ్చే నెలలూ ఒకటే కావడం ఈ ఆపరేషన్‌లో నన్ను అన్నిటికన్నా ఆశ్చర్యపరిచే సంగతి.

మరి డికర్సన్ పల్టీ? వీడియో ఆపి ఆపి చూస్తే కొంత అర్థమవుతుంది. పల్టీలో ఒళ్ళు సగం సేపు చేతుల మీద ఉంటుంది. కాళ్ళు ఒకదాని తర్వాత ఒకటి తిన్నగా దిగుతాయి, ఎదుట తోసేవాడు లేడు, ఎటు దిగాలో అతనికి ముందే తెలుసు. మోకాలిని విరిచేది ముందే తెలియని మెలిక. అయినా సరే, 150 కిలోల మనిషి ఆ నెలలో చెయ్యాల్సిన పని కాదు అదని నా అభిప్రాయం. జట్లకు ధైర్యం చెప్పడానికి చేశాడేమో. ప్రొఫెషనల్ జట్లు కాలేజీ ఆటగాళ్ళను వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో, ఫిలడెల్ఫియా ఈగల్స్ జట్టు అతన్ని రెండో రౌండ్‌లో, మొత్తం మీద 37వ ఆటగాడిగా తీసుకుంది.

బయటి పందిరి తేవడం మాని, శరీరం వేసిన పందిరినే కాపాడితే పోదా అని ఆలోచించినవాళ్ళూ ఉన్నారు. బోస్టన్ చిల్డ్రన్స్ హాస్పిటల్‌లో మార్తా మర్రే బృందం కొలాజెన్ స్పాంజి తయారుచేసింది. దాన్ని రోగి రక్తంతోనే తడిపి తెగిన కొసల మధ్య పెడతారు. కీలు ద్రవం గడ్డను కరిగించకుండా స్పాంజి అడ్డుపడుతుంది, తీగ పాత కొస నుంచే పాకుతుంది. అమెరికాలో దీనికి మందుల, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది 2020 డిసెంబర్‌లో, డికర్సన్ రెండోసారి పడిన నెలలోనే.

ఇక మీ ప్రశ్న. నార్వే, అమెరికా పరిశోధకులు ఆపరేషన్ అయినవాళ్ళను రెండేళ్ళు వెంబడించి చూశారు. ఆటలోకి తిరిగి రావడం ఒక్కో నెల ఆలస్యమయ్యేకొద్దీ మళ్ళీ మోకాలు దెబ్బతినే రేటు దాదాపు సగం చొప్పున తగ్గుతూ వచ్చింది, తొమ్మిదో నెల దాకా. ఆ తర్వాత కూడా క్యాలెండర్ ఒక్కటే చాలదు. బాగున్న కాలితో పోలిస్తే ఆపరేషన్ కాలి తొడ బలం కనీసం 90 శాతం ఉండాలని, ఒంటికాలి గెంతులోనూ రెండు కాళ్ళ మధ్య పది శాతానికి మించి తేడా ఉండకూడదని చూస్తారు. ఫిజియో దగ్గర టేపు పట్టుకుని కొలిపించండి.

డికర్సన్ ప్రొఫెషనల్ లీగ్‌లో లైన్‌లోకి దిగింది 2021 సెప్టెంబర్ 19న, శాన్‌ఫ్రాన్సిస్కోతో మ్యాచ్‌లో, గాయపడిన సహచరుడు బ్రాండన్ బ్రూక్స్ స్థానంలో. అట్లాంటాలో పడిన రోజు నుంచి సరిగ్గా తొమ్మిది నెలలు. ఆ మ్యాచ్ వీడియో కూడా దొరుకుతుంది. మీవాడి ఫోన్‌లో అది కూడా పెట్టండి.