పంటి సిరామిక్ క్యాప్‌కు పట్టు ఎక్కడి నుంచి వస్తుంది? అపోహలు – వాస్తవాలు

అపోహ: ఖరీదైన సిమెంట్ వేస్తే క్యాప్ ఊడదు.

"డాక్టరు గారూ, రేటు ఎక్కువైనా పర్లేదండీ, గట్టి సిమెంటే వెయ్యండి." మా విశాఖలో పేషెంట్ల నోట తరచూ వినే మాట ఇది. వాళ్ల ఆరాటం న్యాయమైనదే. కానీ రెసిన్ సిమెంట్ (క్యాప్‌ను పంటికి అంటించే ప్లాస్టిక్ రకం జిగురు) ఎంత మంచిదైనా, నున్నటి సిరామిక్‌ను తనంతట తాను గట్టిగా పట్టుకోలేదు. సిమెంట్ పెట్టకముందు క్యాప్ లోపలి వైపు మేం చేసే పనిలోనే పట్టంతా ఉంది. ఆ పని సిరామిక్ రకాన్ని బట్టి మారిపోతుంది.

వెనీర్లకు (పంటి ముందు వైపు అంటించే పలచటి పెంకులు) వాడే పోర్సిలిన్, లిథియం డైసిలికేట్ లాంటి సిరామిక్‌లలో గాజు భాగం ఉంటుంది. హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం పూస్తే ఆ గాజు కరిగి స్ఫటికాలు బయటపడతాయి. అరిగిన తిరగలికి గంట్లు కొట్టించినట్టు, లోపలంతా కంటికి ఆనని గుంటలు పడతాయి. సిమెంట్ వాటిలోకి దిగి గట్టిపడుతుంది. కడిగి ఆరబెట్టి లైటు కింద పట్టుకుంటే మెరుపు పోయి, అంతటా ఒకేలా మసకగా కనిపించాలి. ఎక్కడైనా తళుక్కుమంటే అక్కడ ఆమ్లం అందలేదన్నమాట. పంటి పైపొర అయిన ఎనామిల్‌ను ఆమ్లంతో గరుకు చేయొచ్చని దంతవైద్య పరిశోధకుడు బ్యూనోకోర్ 1955లో చూపించారు. పోర్సిలిన్‌కూ అలాంటి దారి ఉందని 1983లో సైమన్సెన్, కలామియా చూపించారు. ఈ రోజు అర మిల్లీమీటరు మందం వెనీర్ పంటి మీద నిలబడుతోందంటే ఆ పనుల చలవే.

అపోహ: యాసిడ్ ఎంతసేపు ఉంచితే అంత పట్టు.

కాదు. లిథియం డైసిలికేట్‌కు 5 శాతం ఆమ్లంతో 20 సెకన్లు చాలు, ల్యూసైట్ అనే స్ఫటికాలున్న రకానికి 60. మరీ ఎక్కువసేపు ఉంచితే సిరామిక్కే బలహీనపడుతుంది. ఎనామిల్‌కు వాడే 37 శాతం ఫాస్ఫారిక్ ఆమ్లం దీనికి ప్రత్యామ్నాయం కాదు. అది మురికి తీస్తుంది గానీ గుంటలు పెట్టదు. ఇక హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం చర్మంలోంచి లోపలికి దిగిపోయే పదార్థం. గ్లవ్స్, కళ్లద్దాలు వేసుకుని, ఆమ్లం ఒంటికి తగిలితే పూసే కాల్షియం గ్లూకోనేట్ జెల్ పక్కన పెట్టుకున్నాకే ఆ సీసా మూత తీయాలి. జూనియర్లకు ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా ఎక్కువ కాదు.

అపోహ: గరుకు చేశాం కదా, సైలేన్ లేకపోయినా ఫర్వాలేదు.

నన్ను ఎక్కువగా బాధపెట్టే అపోహ ఇదే. సైలేన్ అంటే సిమెంట్‌కు ముందు క్యాప్ లోపల పూసే ద్రవం. దాని అణువుకు ఒక కొస సిరామిక్‌లోని సిలికాతో, రెండో కొస రెసిన్‌తో రసాయనికంగా కలుస్తుంది. అది లేకపోతే మిగిలేది గుంటల పట్టు ఒక్కటే. ఎప్పుడూ తడిగా ఉండే నోట్లో ఆ ఒక్కదాని మీద ఆధారపడటం నాకు నచ్చదు. పలచగా పూయాలి, ఒక నిమిషం ఆగాలి, తర్వాత గాలితో ఆరబెట్టాలి. సీసాలో ద్రవం నీళ్లలా తేటగా ఉండాలి. పాలలా తెల్లబడిందంటే అణువులు వాటిలో అవే అల్లుకుపోయాయని అర్థం, అది పారేయాల్సిందే.

సముద్రం పక్కన ఉన్న మనకు ఇంకో తలనొప్పి ఉంది. తేమ గాలి వల్ల కంప్రెసర్ ట్యాంకులో నీరు త్వరగా చేరుతుంది. ఆరబెడుతున్నామనుకుని ఆ నీటి తుంపరనే, ఒక్కోసారి నూనెతో సహా, క్యాప్‌లోకి ఊదుతాం. అందుకే ముందు నోటి అద్దం మీద గాలి కొట్టి చూడాలి. దాని మీద చుక్క గానీ జిడ్డు గానీ కనిపిస్తే పని ఆపేయాలి. ట్యాంకు నీరు రోజూ వదిలేయడం మా క్లినిక్‌లో నియమం.

అపోహ: జిర్కోనియాకూ ఇదే పద్ధతి.

క్యాప్‌లకు వాడే మరో రకం సిరామిక్ జిర్కోనియా, అందులో సిలికా గాజు లేదు. క్లినిక్‌లో ఆమ్లంతో గరుకు చేసే ఆ ఎచింగ్ దానికి పనిచేయదు. దాన్ని 50 మైక్రాన్ల అల్యూమినా పొడితో, తక్కువ ఒత్తిడి మీద శాండ్‌బ్లాస్ట్ చేసి (పొడిని గాలితో కొట్టి గరుకు చేసి), ఎండీపీ అనే అణువు ఉన్న ప్రైమర్ (సిమెంట్‌కు ముందు వేసే పూత) పూయాలి. జపాన్‌కు చెందిన కురారే కంపెనీ 1981లో తయారుచేసిన అణువే ఈ ఎండీపీ. దీని ఫాస్ఫేట్ కొస జిర్కోనియాను పట్టుకుంటుంది.

చిక్కంతా ఉమ్మితోనే. ఉమ్మిలోనూ ఫాస్ఫేట్లు ఉంటాయి. క్యాప్‌ను నోట్లో పెట్టి కొలత చూసుకున్నాక అవి ముందే వెళ్లి జిర్కోనియా మీద కూర్చుంటే ఎండీపీకి చోటు ఉండదు. ఫాస్ఫారిక్ ఆమ్లంతో తుడిస్తే మరిన్ని ఫాస్ఫేట్లు చేర్చినట్టే. మళ్లీ బ్లాస్ట్ చేయాలి, లేదా దీనికోసమే దొరికే క్లీనర్ వాడాలి. "ల్యాబ్‌లో బ్లాస్ట్ చేసే పంపారు సార్" అనే మాట ఉమ్మి తగిలేంత వరకే చెల్లుతుంది.

అపోహ: ప్రతి క్యాప్‌కూ రెసిన్ సిమెంటే కావాలి.

అక్కర్లేదు. దవడ పన్ను చెక్కాక మొద్దు కనీసం 4 మిల్లీమీటర్ల ఎత్తుండి, గోడలు నిటారుగా ఉంటే, జిర్కోనియా క్యాప్‌కు రెసిన్ కలిపిన గ్లాస్ అయొనోమర్ అనే మరో రకం సిమెంట్ చాలు. పొట్టి పన్నుకు, వెనీర్‌కు మాత్రం రెసిన్ తప్పదు.

అపోహ: ఊడిన క్యాప్‌ను ఇంట్లో గమ్ముతో అంటించుకోవచ్చు.

దయచేసి వద్దు. ఆ గమ్ము లోపలి వైపు పొరలా కరుచుకుంటే తీయడమే పెద్ద పని, పైగా క్యాప్ వంకరగా కూర్చుంటే కొరుకు తేడా వస్తుంది. నొప్పిగా ఉందని ఆ పంటి మీద లవంగం నూనె కూడా రాయకండి. అందులోని యూజినాల్ మిగిలితే రెసిన్ సరిగ్గా గట్టిపడదు. లోపల గీకకుండా, కడగకుండా, చిన్న డబ్బాలో వేసి వీలైనంత త్వరగా తీసుకురండి. సిమెంట్ పంటికి అంటుకుని ఉందా, క్యాప్‌లోనే ఉండిపోయిందా అన్నది చూస్తే పట్టు ఎటువైపు తప్పిందో మాకు చాలావరకు తెలిసిపోతుంది.