‘సీ ఏ టీ క్యాట్’ దగ్గర ఆగిపోయిన చదువు: ఫోనిక్స్ వెనక కథ

విజయవాడ, గుంటూరుల్లో ట్యూషన్ సెంటర్ల బోర్డుల మీద అబాకస్, హ్యాండ్‌రైటింగ్ పక్కన ఇప్పుడు ఫోనిక్స్ కూడా చేరింది. అంటే అక్షరాల పేర్లు కాకుండా వాటి ధ్వనులు నేర్పి, ఆ ధ్వనులు కలిపి మాట చదివించే పద్ధతి. అక్కడికి వచ్చే పిల్లల్లో చాలామందిది ఒకటే ఇబ్బంది. రెండో తరగతో మూడో తరగతో చదువుతుంటారు, ‘సీ ఏ టీ క్యాట్’ గడగడా అప్పజెప్తారు. మధ్యలో ఏ తీసి ఓ రాసి చదవమంటే మాత్రం నోరు పెగలదు. బద్ధకమనీ, ధ్యాస లేదనీ పిల్లల మీదికే నెట్టేస్తుంటారు గానీ, ఈ తంటా చాలా పాతది.

తెలుగులో ‘మ’ అక్షరం పేరూ మ, పలికేదీ మ. అందుకే వీధిబడిలో ఇసకలో దిద్దుతూ, దిద్దిన అక్షరాన్ని పైకి అంటూ పోతే చదువు వచ్చేది. ఈ ఇసక దిద్దుడునే మద్రాసులో చూసి, అనాథ పిల్లల బడిలో వాడి, ఆండ్రూ బెల్ అనే పాదిరి 1797లో దాని గురించి ఇంగ్లండులో పుస్తకం అచ్చువేశాడు. అక్కడ దానికి ‘మద్రాసు పద్ధతి’ అనే పేరొచ్చింది. చదువు చెప్పే తీరు అప్పట్లో ఇటునుంచి అటు వెళ్లిందన్నమాట.

ఇంగ్లిషు చదువు మాత్రం అటునుంచే వచ్చింది. లూథరన్ మిషనరీ హేయర్ 1842లో గుంటూరు చేరాడు. మిషన్ బడులు పెరిగాయి, 1885 నాటికి కాలేజీ కూడా వచ్చింది. ఆ కాలపు ఇంగ్లిషు స్పెల్లింగు పుస్తకాలన్నీ అక్షరాల పేర్లు వరసగా చెప్పించి, చివర మాట పలికించేవే. అక్షరం పేరు చెబితే ధ్వని వచ్చేస్తుందన్న మన అలవాటుకు అది అచ్చంగా సరిపోయింది. కానీ ఇంగ్లిషులో సీ, ఏ, టీ కలిపితే ‘సీయేటీ’ వస్తుంది, క్యాట్ రాదు. మనం హెచ్ అనేదాన్ని ఇంగ్లిషువాళ్లు ‘ఎయిచ్’ అంటారు, ఆ పేరులో ‘హ’ ధ్వని వినపడదు, డబ్ల్యూ పేరులో ‘వ’ లేదు. 26 అక్షరాలతో దాదాపు 44 ధ్వనులు రాసే భాష అది. కాబట్టి పిల్లవాడు చదివినట్టు కనిపించేదంతా కంఠస్థమే. నూరు మాటల దాకా అది నడుస్తుంది, వెయ్యి మాటలకు నడవదు.

పడమటి దేశాల్లో ఈ గొడవ వేరే దారి పట్టింది. అక్షరాల జపం పనికిరాదని అమెరికాలో విద్యా సంస్కర్త హోరేస్ మన్ 1840ల్లోనే తిట్టిపోశాడు. దాని బదులు మాటను బొమ్మలా మొత్తంగా గుర్తుపట్టించే పద్ధతి వచ్చి ఇరవయ్యో శతాబ్దం సగం దాకా రాజ్యమేలింది. 1955లో రచయిత రుడాల్ఫ్ ఫ్లెష్ దాని మీద విరుచుకుపడ్డాడు. 1967లో పరిశోధకురాలు జీన్ చాల్ అప్పటిదాకా జరిగిన పరిశోధనలన్నీ తిరగేసి, మొదట్లోనే ధ్వనులు నేర్పితే మేలని తేల్చింది. అదే ఏడు మరో విద్యా పరిశోధకుడు కెన్ గుడ్‌మన్ చదవడమంటే సందర్భాన్ని బట్టి ఊహించడమేనన్నాడు. బొమ్మ చూసి మాట ఊహించమనే అలవాటు అక్కడ బలపడింది, మన బడుల్లోనూ ఇంకా పోలేదు. 2000లో అమెరికా జాతీయ పఠన మండలి, 2006లో ఇంగ్లండులో రోజ్ నివేదిక క్రమబద్ధమైన ఫోనిక్స్ వైపే మొగ్గాయి. 2012 నుంచి ఇంగ్లండులో ఒకటో తరగతి పిల్లలందరికీ 40 మాటల పరీక్ష పెడుతున్నారు. అందులో 20 మాటలకు అర్థమే ఉండదు. కంఠస్థం చేయడానికి వీల్లేని మాట చదివాడంటే వాడికి నిజంగా చదవడం వచ్చినట్టు. ఆ ఒక్క చిట్కా మన టీచర్లు ఊరికే ఎత్తుకోవచ్చు.

మన దగ్గర ఫోనిక్స్ ముందుగా ప్రైవేటు బడుల ఎల్‌కేజీ, యూకేజీల్లో కాలుపెట్టింది. 1992లో ఇంగ్లండులో వచ్చిన జాలీ ఫోనిక్స్ లాంటివి 42 ధ్వనులను సైగలతో, పాటలతో నేర్పుతాయి. ప్రభుత్వ బడుల్లో అవసరం ఆ తర్వాత ముంచుకొచ్చింది. ఒకటి నుంచి ఆరు దాకా ఇంగ్లిషు మీడియం పెడుతూ 2019 నవంబరులో 85వ జీవో వచ్చింది. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు దాన్ని కొట్టేసింది. కేసు సుప్రీంకోర్టుకెళ్లింది. ఈలోగా ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లిషుగా పుస్తకాలు బడులకు చేరాయి. మీడియం మీద జరిగిన వాదనలో పదో వంతు కూడా, ఇంగ్లిషు మాటను కలిపి చదవడం ఎలా నేర్పాలన్న దాని మీద జరగలేదు.

చదువును కొలిచే లెక్కల సంగతీ చెప్పుకోవాలి. అక్షరం, పదం, పేరా, కథ అంటూ మెట్లు కట్టి పిల్లల చదువును కొలిచే అసర్ సర్వే 2005లో మొదలైంది. అది పల్లెల సర్వే, బెజవాడ నగరంలో పిల్లలు అందులో కనిపించరు. 2021లో వచ్చిన కేంద్ర ప్రభుత్వ పథకం నిపుణ్ భారత్ రెండో తరగతికి నిమిషానికి 45 నుంచి 60 మాటలు చదవాలని లక్ష్యం పెట్టింది. ‘ఇంట్లోవాళ్లందరితోనూ’ ఒక్క మాటైన తెలుగుకూ, పొట్టి మాటల ఇంగ్లిషుకూ ఒకే కొలత ఏమిటని ఎవరికైనా అనిపిస్తుంది. 2022లో మూడో తరగతి పిల్లల మీద ఎన్‌సీఈఆర్‌టీ చేసిన అధ్యయనంలో ఏ భాషకు ఆ భాషకు కొలతలు వేరుచేశారు.

ఇక అసలు చిక్కు. బయటినుంచి తెచ్చిన ఫోనిక్స్ పాఠాన్ని ఉన్నదున్నట్టు చెబితే తెలుగు పిల్లలు నాలుగు చోట్ల జారతారు.

మొదటిది తలకట్టు. మన హల్లులో ‘అ’ దాగి ఉంటుంది. అందుకే టీచరు బ, అ, ట అని పలికిస్తారు, పిల్లవాడు కలిపితే ‘బఅట’ వస్తుంది, బ్యాట్ రాదు. దీనికి మందు మన చేతిలోనే ఉంది: పొల్లు. త తలకట్టు తీసి త్, ప తలకట్టు తీసి ప్ అని పలక మీద చూపించి, ఇంగ్లిషు అక్షరం ధ్వనిని పొల్లుతోనే పలికించాలి. తెలుగులో పొల్లు ఆలస్యంగా చెబుతాం, ఫోనిక్స్ కోసం దాన్ని ముందుకు జరపక తప్పదు.

రెండోది మాట చివర. మన మాటలు అచ్చుతో ముగుస్తాయి కాబట్టి బస్ ‘బస్సు’, బ్యాట్ ‘బ్యాటు’ అవుతాయి. పలకడంలో అది తప్పేం కాదు. రాతలో చివర యు చేరుతుంటే మాత్రం అక్కడే పట్టుకోవాలి.

మూడోది గోడ మీద చార్టు. ‘యాపిల్’ అన్నప్పుడు పిల్లవాడికి మొదట వినపడేది య. ఎలిఫెంట్ కూడా చాలా నోళ్లలో ‘యెలిఫెంట్’. ఐకి ఐస్‌క్రీం, ఎక్స్‌కి ఎక్స్‌మస్ చెట్టు బొమ్మ పెడితే ధ్వనే తప్పు. ఐకి ఇంక్, ఎక్స్‌కి చివర ఆ ధ్వని వచ్చే ఫాక్స్, బాక్స్ పెట్టాలి.

నాలుగోది ప్యాన్–పెన్, కాట్–కట్ తేడా. ‘వచ్చాడు’, ‘తెచ్చాడు’ అనేటప్పుడు కోస్తా నోట్లో వచ్చే ‘చా’ని సాగదీయకుండా పలికితే ప్యాన్‌లోని అచ్చుకు దగ్గరగా వస్తుంది. ఏ, ఈ అచ్చులు రెండూ ఒకే వారం చెప్పకూడదు. ఒకటి కుదిరాకే రెండోది.

వెనకబడిన పిల్లలకు రోజుకు 20 నిమిషాలు, వారానికి 5 రోజులు, గుంపుకు 4, 5 గురు మించకుండా ఉంటే పని సాగుతుంది. వారానికోసారి గంటన్నర కూర్చోబెట్టడం దండగ. ఇంగ్లండు పాఠాల్లో ఎస్, ఏ, టీ, పీ, ఐ, ఎన్ అనే వరస ఉంటుంది. మన పిల్లలకు ఎస్, ఎం, ఎన్ ముందుకు తెస్తే సులువు, ఎందుకంటే స్‌స్‌స్, మ్‌మ్‌మ్ అని ‘అ’ కలవకుండా సాగదీయొచ్చు. టీ, పీ సాగవు, నేరుగా అచ్చులోకి దూకాలి. అక్కడ గుణింతం అక్కరకొస్తుంది: ప్, ఇ కలిస్తే పి, దానికి న్ చేర్చితే పిన్. ఇంగ్లిషు పుస్తకాలు ప్, ఇన్ అని విడగొడతాయి. గుణింతం వచ్చిన పిల్లలకు పి, న్ అనే విరుపే తొందరగా పట్టుబడుతుంది.

మొదటి 5 నిమిషాలు పాత ధ్వనులు, తర్వాత ఒకే ఒక కొత్త ధ్వని, దాంతో 8, 10 మాటలు. ధ్వనికొక చింతగింజ చొప్పున గళ్లలో పెట్టించి, వేలితో జరుపుతూ కలిపించాలి. ఆపైన 5 మాటల డిక్టేషన్, చివర నేర్చిన అక్షరాలే ఉన్న నాలుగు వాక్యాలు. 20 మాటల్లో రెండుకు మించి తడబడితే ఆ పాఠం బరువైనట్టే, కిందికి దిగాలి. ద, వాజ్, సెడ్ లాంటి లొంగని మాటలు వారానికి మూడు చాలు. ఎస్‌హెచ్, సీహెచ్, టీహెచ్ జంటలు మూడక్షరాల మాటలు తడుముకోకుండా వచ్చాకే. చివరి ఈ వల్ల క్యాప్ కేప్‌గా మారడం ఇంకా తర్వాత. ఇక్కడ తొందరపడే ట్యూషన్లే ఎక్కువ. నెలలో ‘కోర్సు’ పూర్తవుతుంది, చదువు మాత్రం రాదు.

తెలుగు చదవడమే సరిగా రాని పిల్లలకు ముందు అది చూడాలి. కన్నడ పిల్లల మీద సోనాలి నాగ్ 2007లో ప్రచురించిన పరిశోధన, అక్షరాలన్నీ పట్టుబడటానికి ప్రాథమిక తరగతుల్లో ఏళ్లు పడుతుందని చూపింది. తెలుగు లిపి కథా దాదాపు అదే. మ–య, ద–ధ–థ పోలికలు, తల్లి అక్షరాన్ని ఏమాత్రం పోలని త, న, మ, ల, య, ర ఒత్తులు, ఎత్వం–ఏత్వం తేడా: తడబాటు ఎక్కువగా వీటి దగ్గరే. ఒత్తులు వరసగా కాకుండా అమ్మ, అన్న, పిల్లి లాంటి ద్విత్వాలతో మొదలుపెట్టి, సంయుక్తాలు తర్వాత ఇవ్వాలి.

ఇలా రోజూ చెప్పినా మూడు నెలలకు కదలిక లేకపోతే ముందు చూపు, వినికిడి పరీక్ష చేయించాలి. అవి బాగుంటే అభ్యసన వైకల్యం ఉందేమో చూపించాలి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం దాన్ని గుర్తించింది. వెళ్లేటప్పుడు తేదీలు వేసిన డిక్టేషన్ నోటుబుక్కు వెంట తీసుకెళ్తే, ఏ ధ్వని దగ్గర ఎన్నాళ్లుగా ఆగాడో పరీక్షించేవాళ్లకు తెలుస్తుంది.