6 వాట్ల గొంతు

రాత్రిపూట వెలిగించుకునే జీరో బల్బుకు పేరులోనే జీరో. పాతకాలం రకమైతే 12 నుంచి 15 వాట్ల దాకా కరెంటు తాగుతుంది. అందులో సగానికి మించని 6 వాట్లతో, మేడ మీద కట్టిన ఒక రాగి తీగతో, జపాన్‌లో ఉన్నవాళ్లతో మాట్లాడొచ్చంటే మొదట్లో నేనూ నమ్మలేదు. ఫోన్ ఉండగా ఇదేం గొప్ప అంటారా? ఫోన్‌కు టవర్లు కావాలి, సముద్రం అడుగున ఫైబర్ కావాలి, నెలనెలా రీచార్జి కావాలి. హాబీగా నడుపుకునే ఈ హ్యామ్ రేడియోలో నా తీగకూ అవతలివాళ్ల తీగకూ మధ్య ఉన్నది ఆకాశం ఒక్కటే.

ఆ తీగ పొడవును ఎవరైనా లెక్కేసుకోవచ్చు. కాంతి సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు పోతుంది. నేను మాట్లాడే 14 మెగాహెర్ట్జ్ దగ్గర అల పొడవు సుమారు 21 మీటర్లు. అందులో సగం తీసుకుని, కొసల ప్రభావానికి ఇంకో అర మీటరు తగ్గిస్తే 10 మీటర్లు. దాన్ని సరిగ్గా మధ్యలో కోసి, ఇటు 5, అటు 5 మీటర్లు లాగి కట్టి, నడుమ నుంచి కేబుల్ కిందికి దించాలి. నేను కడుతుంటే పక్కింటి ఆంటీ చూసి, "బట్టలారేయడానికి అంత ఎత్తున ఎందుకు బాబూ?" అన్నారు. దీనితో వేరే దేశాలవాళ్లతో మాట్లాడతానంటే నమ్మినట్టు తలూపి లోపలికి వెళ్లిపోయారు.

భూమి గుండ్రంగా ఉంది కదా, నేరుగా పోయే అల జపాన్ దాకా ఎలా వంగుతుంది? ఆ పని సూర్యుడు చేసిపెడతాడు. ఎండలోని అతినీలలోహిత కిరణాలు, ఎక్స్ కిరణాలు పైన పల్చటి గాలిలోని అణువుల నుంచి ఎలక్ట్రాన్లను ఊడగొడతాయి. 200 నుంచి 400 కిలోమీటర్ల ఎత్తున అలా పోగైన ఎలక్ట్రాన్లే మన అలను మెల్లగా వంచి మళ్లీ నేలకు దించుతాయి. ఇలా ఎలక్ట్రాన్లు పోగైన ప్రాంతమే ఐనోస్ఫియర్, అందులో ఈ పై పొరకు ఎఫ్ అని పేరు. దాని కింద 60 నుంచి 90 కిలోమీటర్ల ఎత్తులో డి పొర ఉంటుంది. ఇది తక్కువ ఫ్రీక్వెన్సీలను పగలంతా మింగేస్తుంది, పొద్దుగూకగానే మాయమవుతుంది. పగలు జాడ లేని దూరపు మీడియం వేవ్ స్టేషన్లు రాత్రిళ్లు గరగరమంటూ పలికేది అందుకే. వీటన్నిటి మీదా సూర్యుడి మచ్చల 11 ఏళ్ల చక్రం ఒకటి. మచ్చలు బాగా ఉన్న ఏడాది 28 మెగాహెర్ట్జ్‌లో కొద్దిపాటి వాట్లకే ఖండాలు పలుకుతాయి. మచ్చలు తగ్గాక అదే బ్యాండ్‌లో నెలల తరబడి హోరు తప్ప ఏమీ ఉండదు. హాబీ కోసం సూర్యుడి మచ్చల సంఖ్య చూసుకునేవాళ్లం మేమే అనుకుంటా.

సెట్ సంగతి చెప్పాలంటే హైదరాబాద్ పేరు ఎత్తాల్సిందే. అక్కడి హ్యామ్ (హ్యామ్ రేడియో నడిపేవాళ్లను అలాగే అంటారు) అష్హర్ ఫర్హాన్ 2003లో బిట్‌ఎక్స్ అనే ట్రాన్స్‌సీవర్, అంటే వినడానికీ మాట్లాడడానికీ ఒకటే సెట్, డిజైన్ చేసి, ఎవరైనా కట్టుకోవచ్చని సర్క్యూట్‌ను అందరి ముందూ పెట్టారు. 14 మెగాహెర్ట్జ్, 6 వాట్లు. తెలివంతా అందులోని యాంప్లిఫయర్లలో ఉంది. వినేటప్పుడు సిగ్నల్ ఒకవైపు, మాట్లాడేటప్పుడు అదే దారిలో వెనక్కి నడుస్తుంది. దాంతో చాలా విడిభాగాలు ఆదా అవుతాయి. ఫిల్టర్‌కు కంప్యూటర్లలో వాడే చవక 10 మెగాహెర్ట్జ్ క్రిస్టల్స్ సరిపోతాయి. నేను కట్టినప్పుడు కాయిల్ చుట్టు ఒకటి తిరగేసి చుట్టాను. మూడు రోజులు బుస్సుమనే శబ్దం తప్ప ఏమీ రాలేదు. నాలుగో రోజు బాతు అరిచినట్టు ఏదో వినిపించింది. నాబ్ వెంట్రుకవాసి తిప్పితే ఆ బాతు మనిషై "సీక్యూ, సీక్యూ" అంది. ఎవరున్నా పలకండి అని అర్థం. సెట్ కొనుక్కున్నవాళ్లకు ఆ క్షణం దొరకదు.

ఇదంతా దేనికి పనికొస్తుందని అడిగితే మేమందరం 2004 సునామీ కథ చెబుతాం. హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున భారతీ ప్రసాద్ బృందం ఆ డిసెంబర్‌లో పోర్ట్ బ్లెయిర్‌లో ఉంది. వెళ్లింది హాబీ పని మీదే. 26న ఫోన్లు మూగబోయాక వాళ్ల రేడియోలే అండమాన్ నుంచి క్షేమ సమాచారాలు మోశాయి. నిజంగా గొప్ప పని. అయినా తుపాన్లొస్తాయని ముందుచూపుతో హ్యామ్ అయినవాణ్ని నేనింతవరకు చూడలేదు. టెలికాం శాఖ పెట్టే పరీక్షకు కూర్చుని లైసెన్సు తెచ్చుకునేది, అవతల ఎవరు పలుకుతారో చూద్దామనే.

మొన్న ఒక సాయంత్రం జపాన్ స్టేషన్ ఒకటి అందింది. 6,000 కిలోమీటర్ల పైమాటే. అక్కడ అప్పటికే చీకటి, పైన పొర పల్చబడుతోంది. ఆయన నా సిగ్నల్‌కు ఫైవ్ త్రీ అన్నాడు, అంటే మాట స్పష్టంగానే ఉంది, బలమే అంతంతమాత్రం. పేరు చెప్పబోతుండగా గొంతు సన్నబడి హోరులో కలిసిపోయింది. పది నిమిషాలు పిలిచాను. మాట్లాడినవాళ్లను రాసుకునే లాగ్‌బుక్‌లో ఆ వరుసలో ఆయన స్టేషన్ పేరు మొదట్లోని జేఏ అనే రెండక్షరాలు, ఒక అంకె, పక్కన ప్రశ్నార్థకం ఉన్నాయి.