బొటనవేలు పాడే పాట

చిన్నీ, బాబీ,

చిన్నీ కుడి చేతికి సిమెంటు కట్టు వేశారని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. సైకిలు మీంచి పడ్డప్పుడు ఏడవలేదట గానీ, ఆరు వారాలు కీబోర్డు ముట్టుకోవద్దన్నారని మాత్రం దిండు తడిసిపోయేలా ఏడ్చావట. అయినా డాక్టరుగారు కదపొద్దన్నది కుడి చెయ్యేగా? ఎడమ చెయ్యి గురించి ఆయన పల్లెత్తు మాట అనలేదు. అందుకే ఇవాళ మీకు రష్యాలో పుట్టిన ఒక పియానో స్వరకర్త సంగతి రాస్తున్నాను. నలభై ఏళ్ళు వీణ నేర్పిన అమ్మమ్మకి పియానో గొడవేమిటని నవ్వకండి. ఆయన ఎడమ చేతిని చూస్తే ఏ వైణికురాలికైనా ముచ్చటేస్తుంది.

పేరు అలెగ్జాండర్ స్క్రియాబిన్. 1872 జనవరి 6న మాస్కోలో పుట్టాడు. అప్పటి రష్యా వాళ్ళ క్యాలెండరు ఇప్పుడు మనం వాడేదాని కన్నా పన్నెండు రోజులు వెనకుండేది. ఆ లెక్కన ఆయన పుట్టింది 1871 క్రిస్మస్ నాడు. తల్లి మంచి పియానిస్టు. పిల్లవాడికి ఏడాది దాటిందో లేదో క్షయతో పోయింది. తండ్రి టర్కీ భాష చదువుకుని రాయబార ఉద్యోగం మీద పరదేశం వెళ్ళిపోయాడు. మేనత్తా నాయనమ్మా పెంచారు. పియానో లోపల ఏముందో, సుత్తులు తీగల్ని ఎలా కొడతాయో చూసి చూసి, బొమ్మ పియానోలు తనే తయారుచేసి ఇంటికొచ్చిన చుట్టాలకి ఇచ్చేవాడట. బాబీ, నువ్వూ టీవీ రిమోటు విప్పావు, కాదనను. కానీ ఆయన తిరిగి బిగించేవాడు కూడా.

పదేళ్ళకి సైనిక పాఠశాలలో వేశారు. సన్నగా, పొట్టిగా ఉండేవాడు. వీడికి కవాతు వద్దులే అని ఆ సమయంలో పియానో సాధన చేసుకోనిచ్చారు. అక్కడినుంచి మాస్కో కన్సర్వేటరీకి, అంటే సంగీత కళాశాలకి వెళ్ళాడు. తర్వాత పెద్ద పేరు తెచ్చుకున్న స్వరకర్త రఖ్మానినోవ్ అక్కడ తోటి విద్యార్థి. ఆయన చెయ్యి చాపితే పన్నెండు తెల్ల మెట్లు అందేవి. మన స్క్రియాబిన్‌కి కష్టం మీద తొమ్మిది. హార్మోనియం మీద షడ్జం నుంచి పై షడ్జం దాకా ఎనిమిది మెట్లు కదా, దాని మీద ఒక్కటి ఎక్కువ. అంతే ఆయన చెయ్యి. చిన్నీ, నీ చెయ్యి చిన్నదని ఇక నాకు చెప్పకు.

ఇప్పుడు అసలు సంగతి. ఆ బళ్ళోనే జోసెఫ్ లెవీన్ అని మరో కుర్రాడు, వేళ్ళలో మెరుపులున్నవాడు. వాడికి తీసిపోకూడదన్న పట్టుదలతో 1891లో స్క్రియాబిన్ రెండు భయంకరమైన రచనలు సాధనకు ఎత్తుకున్నాడు. ఒకటి లిస్ట్ అనే స్వరకర్త రాసిన డాన్ హువాన్ ఫాంటసీ, రెండోది బలాకిరెవ్ రాసిన ఇస్లామేయ్. పట్టు విడవకుండా వాయించి వాయించి కుడి చెయ్యి పాడుచేసుకున్నాడు. ఇక బాగుపడదన్నాడు డాక్టరు. పంతొమ్మిదేళ్ళవాడికి, పియానో తప్ప వేరే బతుకు తెలియనివాడికి! ఆ బాధలోనే మొదటి సొనాటా, అంటే కొన్ని భాగాలున్న పెద్ద పియానో రచన, రాశాడు. అది శవయాత్ర నడకతో ముగుస్తుంది. దేవుడి మీదా, విధి మీదా మొర పెట్టుకున్నానని ఆయనే అన్నాడు. మీరిద్దరూ దాన్ని ఇప్పుడే వినక్కర్లేదు.

మీరు వినాల్సింది 1894లో రాసినది. ఒక్క ఎడమ చేతి కోసమే రెండు రచనలు, ఒక ప్రెల్యూడ్, ఒక నాక్టర్న్. ప్రెల్యూడ్ అంటే ఒక చిన్న రచన, నాక్టర్న్ అంటే రాత్రివేళ పాట అనుకోండి. మామూలుగా పియానోలో ఎడమ చేతికి ఏం పని? కింద శ్రుతి పట్టుకుని ఉండటం, లయ కొట్టడం. పాట ఎక్కువగా కుడి చేతిదే. వీణలో ఈ అన్యాయం లేదు. కుడి చేతి వేళ్ళు మీటుతాయి, చిటికెన వేలు తాళపు తీగలు చూసుకుంటుంది. కానీ గమకం పలికించేది, స్వరానికి ప్రాణం పోసేది మెట్ల మీద ఉండే ఎడమ చెయ్యే.

చిన్నీ, కీబోర్డు ఆపేసే ఉంచి దాని మీద ఎడమ చెయ్యి పెట్టు. చిటికెన వేలు మంద్రం వైపుంది. బొటనవేలు తారం వైపుంది. పాట ఎక్కువగా పై స్థాయిలోనే కదా నడిచేది? అంటే చేతిలోకెల్లా బలమైన వేలు సరిగ్గా పాట దగ్గరే కూర్చుంది. కుడి చేతికి ఆ అదృష్టం లేదు. అక్కడ పాట మొయ్యాల్సింది పాపం చిటికెన వేలు. స్క్రియాబిన్ దీన్ని పట్టుకున్నాడు. చిటికెన వేలు కింద ఒక స్వరం కొట్టి వదిలేస్తుంది. వెంటనే చెయ్యి పైకి ఎగిరి, మధ్య వేళ్ళు మెల్లగా అల్లుతుంటే, వాటి మీద బొటనవేలు పాడుతుంది.

మరి వదిలేసిన కింది స్వరం ఆగిపోదా? ఆగదు. పియానోలో దాదాపు ప్రతి తీగ మీదా ఒక ఉన్ని దిమ్మ కూర్చుని ఉంటుంది. వేలు తీయగానే అది తీగ నోరు మూసేస్తుంది. పాదం కింద పెడల్ తొక్కితే ఆ దిమ్మలన్నీ ఒక్కసారే పైకి లేస్తాయి. తీగ తన ఓపికున్నంతసేపు మోగుతూనే ఉంటుంది. అంటే రెండో చెయ్యి లేని లోటు పాదం తీరుస్తుందన్నమాట.

కొన్నాళ్ళకి కుడి చెయ్యి కోలుకుంది, కచేరీలూ చేశాడు. కానీ ఎడమ చెయ్యి మళ్ళీ తన పాత చోటుకి వెళ్ళలేదు. ఎట్యూడ్ అంటే సాధన కోసం రాసే రచన. అదే 1894లో రాసిన డి షార్ప్ మైనర్ ఎట్యూడ్‌లో అది ఎలా గంతులేస్తుందో చూడండి. హొరోవిట్జ్ అనే మహా విద్వాంసుడు చిన్నప్పుడు స్క్రియాబిన్‌ ఎదుట వాయించినవాడు. ఆయన 1986లో మాస్కో తిరిగి వెళ్ళినప్పుడు ఈ ఎట్యూడ్ కూడా వాయించాడు. ఇవి కాక ఇరవై నాలుగు చిన్న ప్రెల్యూడ్లున్నాయి, షోపాన్ అనే పోలండు స్వరకర్త అడుగుజాడల్లో రాసినవి. కొన్ని నిమిషం కూడా ఉండవు. మీ ఓపికకి సరిపోతాయి.

పెద్దయ్యాక ఆయన కొంచెం అతి చేశాడు, దాచడమెందుకు. లోకాన్ని మార్చడానికే పుట్టానని గట్టిగా నమ్మాడు. క్రిస్మస్ పుట్టుక కూడా అందుకు తోడయింది. స్వరాలకి రంగులున్నాయనేవాడు. పియానో వాళ్ళ స్వరాల పేర్లలో సి ఎరుపట, డి పసుపట. 1907లో పారిస్‌లో ఒక కాఫీ హోటల్లో రఖ్మానినోవ్, రిమ్‌స్కీ కోర్సకోవ్ అనే మరో రష్యన్ స్వరకర్త, ఈయన కూర్చుని ఇదే వాదన. రిమ్‌స్కీకి సి తెలుపుగా కనిపించేదట. డి పసుపని మాత్రం ఇద్దరూ ఒప్పుకున్నారు. రఖ్మానినోవ్ ఇదంతా నమ్మలేదు. "మరి నీ ఆపెరాలో బంగారం పెట్టెలు తెరిచే చోట డి మేజర్, అంటే డి ఆధారంగా సాగే స్వరాలు, ఎందుకు వాడావు?" అని రిమ్‌స్కీ అడిగేసరికి రఖ్మానినోవ్ దగ్గర జవాబు లేదు! 1910లో ముగించిన తన వాద్యబృంద రచన ప్రొమీథియస్‌లో రంగు వెలుగులకోసం స్క్రియాబిన్ విడిగా ఒక వరుస స్వరాలే రాసిపెట్టాడు. మొదటి కచేరీలో ఆ వెలుగులు కుదరలేదు. 1915 మార్చిలో న్యూయార్కులో కుదిరాయి గానీ అప్పుడు ఆయన అక్కడ లేడు.

మన దేశమంటే ఆయనకి పిచ్చి. దివ్యజ్ఞాన సమాజం పుస్తకాలు తెగ చదివాడు. అదే, మద్రాసు అడయారులో కేంద్రం ఉన్నది, మన మదనపల్లె పిల్లవాడు జిడ్డు కృష్ణమూర్తిని చేరదీసినది. హిమాలయాల పాదాల దగ్గర ఏడు రోజులు సాగే ఒక మహా రచన చెయ్యాలని కలగన్నాడు, మేఘాల్లోంచి గంటలు వేలాడాలట! 1914లో లండన్ వెళ్ళినప్పుడు ఇండియా ప్రయాణానికని ఎండ టోపీ కూడా కొనుక్కున్నాడు. రాలేకపోయాడు.

పెదవి మీద చిన్న పొక్కు లేచి, విషమై, రక్తమంతా పాకింది. పెన్సిలిన్ కనుక్కోవడానికి ఇంకా పదమూడేళ్ళుంది. 1915 ఏప్రిల్ 27న నలభై మూడేళ్ళకే పోయాడు. తర్వాత రఖ్మానినోవ్ ఊరూరా తిరిగి అన్నీ స్క్రియాబిన్ రచనలే వాయించి, వచ్చిన డబ్బు ఆ కుటుంబానికి ఇచ్చాడు. రంగుల సంగతి నమ్మని ఆ రఖ్మానినోవే.

ఇక మీ పని. యూట్యూబులో ఎడమ చేతి నాక్టర్న్ పెట్టండి. బాబీని కళ్ళు మూసుకోమని, ఎన్ని చేతులు వాయిస్తున్నాయో చెప్పమను. చెప్పాక కళ్ళు తెరిపించి చూపించు. వాడేమన్నాడో నాకు ఎడమ చేత్తోనే రాసి పంపు, కోడిగీతలైనా పరవాలేదు.

మీ అమ్మమ్మ