పీచు తింటున్నాం కదా, ఇంకా షుగర్ మాత్రలెందుకు? - అపోహలు, వాస్తవాలు

పోయిన నెల ఒకాయన నా దగ్గరికి డైట్ ఫాలోఅప్‌కి వచ్చారు. మూడు నెలల్లో 5 కిలోలు తగ్గారు. కుర్చీలో కూర్చుంటూనే ఆ సంగతి సంతోషంగా చెప్పారు. నేను రిపోర్టు తిప్పి చూశాను. హెచ్‌బీఏ1సీ, అంటే రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష, 7.2 ఉండేది, 10.2 అయింది.

"మాత్రలు వేసుకుంటున్నారా?"

"ఆపేశాను మేడం. ఫైబర్ పౌడర్ వాడుతున్నాను. పేగుల్లో మంచి బ్యాక్టీరియా పెరిగితే షుగర్ దానంతటదే పోతుందట కదా."

రాత్రి నాలుగైదుసార్లు మూత్రానికి లేస్తున్నారట. పౌడర్ కోసం నీళ్లు ఎక్కువ తాగుతున్నందుకేమో అనుకున్నారు. 10.2 అంటే రక్తంలో షుగర్ సగటున 245 దగ్గర ఉన్నట్టు. అంత ఉంటే షుగర్ మూత్రంలోకి దిగిపోతుంది, ఒంట్లో నీరూ కండా తగ్గుతాయి. ఆయన అంత సంబరపడుతున్న 5 కిలోల్లో కొంత అలా పోయిందే. ఆ మాట ఆయనకు చెప్పడం నాకు చాలా కష్టమైంది.

ఆయన్ని తప్పుపట్టను. రోజూ మాత్రలు మింగడం ఎవరికి ఇష్టం? పైగా బరువు ఎక్కువున్నవాళ్లకు "నీ తిండి వల్లే ఇదంతా" అని చుట్టూ ఉన్నవాళ్లు అంటూనే ఉంటారు. తిండితోనే సరిచేసుకోవాలన్న పంతం రావడం సహజం. నా కోపమంతా సగం తెలిసిన విషయాన్ని ఊరంతా పంచేవాళ్ల మీద.

అపోహ: పీచుతో గట్ బ్యాక్టీరియా బాగుపడితే మాత్రలు అక్కర్లేదు

ఈ పుకారు నిజమైన సైన్సులోంచే పుట్టింది. అందుకే చదువుకున్నవాళ్లు కూడా నమ్ముతున్నారు. మనకు అరగని పీచు పెద్దపేగుకు చేరితే అక్కడి బ్యాక్టీరియా దాన్ని పులియబెట్టి అసిటేట్, ప్రొపియోనేట్, బ్యూటిరేట్ అనే చిన్న కొవ్వు ఆమ్లాలను తయారుచేస్తాయి. బ్యూటిరేట్ పెద్దపేగు గోడకు తిండి. ఇవి పేగులోని కొన్ని కణాలను తట్టి జీఎల్‌పీ-1, పీవైవై అనే హార్మోన్లను విడుదల చేయిస్తాయి. మొదటిది ఇన్సులిన్‌కు సాయపడుతుంది, రెండోది ఆకలి తగ్గిస్తుంది. ఇక్కడిదాకా అంతా నిజమే.

2018లో చైనా పరిశోధకులు 'సైన్స్' పత్రికలో ఒక ప్రయోగం ప్రచురించారు. టైప్ 2 షుగర్ ఉన్న 43 మంది, 84 రోజులు. పీచు బాగా ఎక్కువ తిన్నవాళ్లలో 89 శాతం మందికి హెచ్‌బీఏ1సీ 7 కంటే తగ్గింది. మామూలు డైట్ సలహాతో ఉన్నవాళ్లలో దాదాపు సగం మందికే తగ్గింది. బ్యూటిరేట్ లాంటివి తయారుచేసే కొన్ని రకాల బ్యాక్టీరియా పెరగడమే దీనికి కారణమని వాళ్లు చూపించారు. ఫోన్లలో తిరిగే మెసేజ్‌లన్నీ ఈ 89 దగ్గరే ఆగిపోతాయి. ఆ ప్రయోగంలో రెండు గ్రూపులకూ అకార్బోజ్ అనే షుగర్ మాత్ర ఇచ్చారు! మాత్ర మానేసి పీచు తిన్నవాళ్లు అందులో లేరు. వాళ్లు తిన్నది ఒక డబ్బాలోని పౌడర్ కూడా కాదు. ముడిధాన్యాలతో మొదలుపెట్టి రకరకాల పీచు కలిపిన పూర్తి డైట్ అది.

ఇంకో పాత ప్రయోగం 2000లో వచ్చింది. 13 మంది షుగర్ పేషెంట్లకు మామూలు తిండితోనే రోజుకు 50 గ్రాముల పీచు ఇచ్చి చూశారు. 24 గ్రాములు తిన్నప్పటితో పోలిస్తే రోజంతటి షుగర్ 10 శాతం దాకా తగ్గింది. నా దృష్టిలో అది చాలా మంచి ఫలితం. కానీ లెక్క వేసుకోండి: 240లో 10 శాతం తగ్గితే 216 అవుతుంది, 110 కాదు. మిగతాది మాత్ర చేయాలి, నడక చేయాలి, బరువు తగ్గడం చేయాలి.

"జీఎల్‌పీ-1 ఇంజెక్షన్ చేసే పని పీచే చేస్తుంది" అని కూడా ఈమధ్య అంటున్నారు. మన ఒంట్లో పుట్టే జీఎల్‌పీ-1 రెండు మూడు నిమిషాల్లో విరిగిపోతుంది. వారానికోసారి తీసుకునే ఇంజెక్షన్ మందు రోజుల తరబడి పనిచేస్తుంది. రెండూ ఒకటి ఎలా అవుతాయి?

మాత్రలు తగ్గడం, ఆగిపోవడం అసలు జరగదని నేననడం లేదు. జబ్బు బయటపడి ఆరేళ్లు దాటని, బరువు ఎక్కువున్న షుగర్ పేషెంట్ల మీద బ్రిటన్‌లో చేసిన ప్రయోగంలో, 15 కిలోలు, ఆపైన తగ్గినవాళ్లలో 86 శాతం మంది ఏడాదికి మాత్రల్లేకుండా ఉండగలిగారు. అయితే మాత్రలు ఆపించింది డాక్టర్లు. ఆపాక కూడా కనిపెట్టుకుని ఉన్నారు.

దీనికి రెండో వైపు కూడా ఉంది. గ్లిమిపిరైడ్ లాంటి మాత్రో ఇన్సులినో వాడుతూ, పిండిపదార్థాలు సగానికి తగ్గించి పీచు పెంచితే షుగర్ 70 కంటే పడిపోవచ్చు. ఒకావిడ నేనిచ్చిన డైట్‌ను ఎంతో శ్రద్ధగా పాటించి, తెల్లవారుజామున చెమటలు పట్టి, వణుకుతూ లేచారు. డోసు తగ్గించాలేమో అని ఆమె డాక్టరుతో నేను ముందే మాట్లాడి ఉండాల్సింది. అప్పటినుంచి ఎవరికి డైట్ రాసినా ముందు మందుల చీటీ చూస్తున్నాను.

మిగతావి త్వరగా చెప్పేస్తాను.

"గ్యాస్ వచ్చింది, నాకు పీచు పడదు." పడదని కాదు, ఒక్కసారిగా పెంచారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ మొదటిరోజే రోజుకు 35 గ్రాముల పీచుండే డైట్ పట్టిక చేతిలో పెట్టేదాన్ని. నాలుగు రోజులు కడుపు ఉబ్బరంతో బాధపడి ఒకమ్మాయి మళ్లీ రాలేదు. ఇప్పుడు వారానికి 5 గ్రాముల చొప్పునే పెంచమంటాను, నీళ్లతో పాటు. పెద్దవాళ్లకు రోజుకు కనీసం 25 గ్రాములు కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అక్కడికి చేరడానికి నెల పట్టినా నష్టం లేదు.

"ఇసబ్గోల్ బ్యాక్టీరియాకు మంచి తిండి." దాన్ని బ్యాక్టీరియా పెద్దగా పులియబెట్టలేవు. అది జెల్‌లా మారి షుగర్ రక్తంలోకి చేరే వేగాన్ని తగ్గిస్తుంది. ఉపయోగమే, కానీ బ్యాక్టీరియా కోసమైతే పప్పుధాన్యాలు, కూరగాయలు, ఓట్స్ కావాలి.

"గట్ టెస్ట్ చేయించుకుని దాన్నిబట్టి తినాలి." పేగుల్లో ఏ బ్యాక్టీరియా ఉన్నాయో మలం పరీక్షించి చెప్పే ఆ రిపోర్టు చూసి షుగర్ వైద్యం మార్చే పద్ధతి ఇప్పటికి లేదు. ఆ డబ్బుతో గ్లూకోమీటర్ స్ట్రిప్స్ కొనుక్కోండి.

"యాంటీబయాటిక్స్ చాలా వాడాను, నా పేగులు పాడైపోయాయి." ఈ టెన్షన్‌తో నిద్రపోని వాళ్లను చూశాను. తిండి మారిస్తే పేగుల్లోని బ్యాక్టీరియాలో మార్పు కొద్ది రోజుల్లోనే కనిపిస్తుంది. పాత తిండికి వెళ్తే అంతే త్వరగా వెనక్కీ పోతుంది, కాబట్టి ఆపకుండా తినాలి.

ఒక్క హెచ్చరిక. షుగర్ వల్ల కడుపు ఖాళీ కావడం నెమ్మదించినవాళ్లు, అంటే కొంచెం తినగానే నిండిపోయి వాంతి వచ్చేవాళ్లు, పీచు పెంచకూడదు. కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు పీచున్న తిండిలోని పొటాషియం సంగతి డాక్టర్ని అడిగి మొదలుపెట్టాలి.

మొదట చెప్పిన ఆయన అదే రోజు డాక్టర్ని కలిసి మాత్రలు మళ్లీ మొదలుపెట్టారు. వెళ్తూ వెళ్తూ తలుపు దగ్గర ఆగి, "అయితే పౌడర్ పారేయమంటారా మేడం?" అని అడిగారు. వద్దన్నాను. మాత్రకూ పౌడర్‌కూ రెండు గంటల తేడా ఉంచమని, రేపటి నుంచి పొద్దున పరగడుపున ఒకసారి, తిన్న రెండు గంటలకు ఒకసారి షుగర్ చూసి రాసుకు రమ్మని చెప్పాను.