ఆఫీసు రాజకీయాలు, చాణక్యం: నేను తరచూ వినే అపోహలు, అసలు సంగతులు

పోయిన నెల బెంగళూరు మారతహళ్లిలో ఒక దర్శిని (చిన్న టిఫిన్ హోటల్) ముందు నిలబడి కాఫీ తాగుతుంటే, నా దగ్గర కోచింగ్ తీసుకుంటున్న కడప అబ్బాయి అడిగాడు: "అక్కా, మంచివాడిగా ఉండాలా, పైకి ఎదగాలా? రెండిట్లో ఒకటి చెప్పండి." నవ్వొచ్చింది కానీ నవ్వలేదు. ఒకప్పుడు నన్ను నేను అడుక్కున్న ప్రశ్నే అది. జవాబు తప్పు రాసుకున్నాను కూడా.

బెంగళూరులో పదిహేడేళ్లు హెచ్‌ఆర్‌లో పనిచేశాను. ఇప్పుడు కొత్తగా మేనేజర్లయినవాళ్లకు శిక్షణ ఇస్తున్నాను. అప్రైజల్ సీజన్ వచ్చిందంటే చాలు, ఇవే మాటలు మళ్లీ మళ్లీ వింటుంటాను.

అపోహ: గెలవడానికి ఏం చేసినా తప్పు లేదని చాణక్యుడే చెప్పాడు.

వాస్తవం: వాట్సాప్‌లో చాణక్యుడి బొమ్మ పక్కన వచ్చే సూక్తుల్లో చాలావాటికి ఆయన పేరు మీదున్న రాజనీతి గ్రంథం 'అర్థశాస్త్రం'తో సంబంధం ఉండదు. అసలు ఆ గ్రంథమే చాలాకాలం కనుమరుగై ఉండిపోయింది. తంజావూరు వైపు పండితుడొకరు తెచ్చిచ్చిన తాళపత్ర ప్రతిని మైసూరు ప్రాచ్య గ్రంథాలయంలో ఆర్. శామశాస్త్రి 1905లో గుర్తించారు, 1909లో అచ్చు వేయించారు. మనకు మూడు గంటల దూరం. వీకెండ్‌కి వెళ్లి ప్యాలెస్ చూసి, మైసూర్‌పాక్ కొనుక్కుని వచ్చేస్తాం, ఆ సంగతి తెలియదు.

అందులో కపటం లేదని బుకాయించను. గూఢచారులున్నారు. ఖజానా ఖాళీ అయితే జనం భక్తిని వాడుకుని డబ్బు రాబట్టే ఉపాయాలూ ఉన్నాయి. చదువుతుంటే చిరాకేస్తుంది. కానీ రాజు ముందు తన ఇంద్రియాలను గెలవాలని మొదటి అధికరణంలోనే (మొదటి భాగంలోనే) ఉంది: కామం, క్రోధం, లోభం, మానం (దురభిమానం), మదం, హర్షం, ఆరూ వదలమంటుంది. ప్రజల సుఖమే రాజుకు సుఖమన్న మాటా అక్కడే ఉంది. భేదం కంటే ముందు సామం, దానం ఉన్నాయి. మనవాళ్లు ఆ ముందు పేజీలు తిప్పేసి నేరుగా భేదం దగ్గర తెరుస్తారు. పైగా అది రాజ్యం నడిపేవాడి కోసం రాసినది. పక్క సీట్లో కూర్చుని మీ డబ్బాలో పులిహోర పంచుకు తినే మనిషి శత్రురాజు కాడు.

అపోహ: ఇటలీ రాజనీతి రచయిత మాకియవెల్లి సూత్రాలు పాటిస్తే పదవి ఖాయం.

వాస్తవం: ఆయనకే రాలేదు. 1512లో ఫ్లోరెన్స్‌లో మెడిచీ కుటుంబం తిరిగి అధికారంలోకి రాగానే ఉద్యోగం ఊడింది. మరుసటి ఏడాది కుట్ర అనుమానంతో జైల్లో వేసి చిత్రహింసలు పెట్టారు. బయటికొచ్చాక పల్లెలో కూర్చుని, 1513లో రాజనీతి మీద 'ది ప్రిన్స్' రాశాడు. దాన్ని ఆ మెడిచీలకే అంకితమిచ్చాడు. హెచ్‌ఆర్ కళ్లతో చూస్తే అది ఉద్యోగం పోయినవాడు పంపుకున్న రెజ్యూమే. పాత హోదా మళ్లీ దక్కనేలేదు. 1527లో పోయాడు, పుస్తకం అచ్చయింది 1532లో. భయపెట్టినా పర్లేదు కానీ ద్వేషం మాత్రం తెచ్చుకోవద్దని అందులో హెచ్చరిక ఉంది. దాన్ని ఎవరూ ఫార్వర్డ్ చేయగా చూడలేదు.

అపోహ: అబద్ధం చెప్పనంత వరకు అది మోసం కాదు.

వాస్తవం: దీని గురించి కాస్త ఎక్కువ రాస్తాను. ఇందులో ముద్దాయిని నేనే.

చాలా ఏళ్ల కిందటి మాట. రేటింగులు తేల్చే మీటింగ్. ఒక మేనేజర్ ప్రమోషన్ ప్రస్తావన వచ్చినప్పుడు, ఆయన స్నేహితుడైన ఇంకో మేనేజర్ "ఈ ఏడాది వద్దు, ప్రాజెక్టు పూర్తి కానిచ్చి వచ్చే ఏడాది మంచి హైక్‌తో ఇద్దాం" అన్నాడు. మీటింగ్ అయ్యాక నేను మొదటాయనతో అన్నది ఇంతే: "ఈ ఏడాది వద్దన్నది మీ ఫ్రెండే." ఒక్క ముక్క అబద్ధం లేదు. మీటింగ్ గుట్టు బయటపెట్టడం ఇంకో తప్పు, దాన్ని అలా ఉంచండి. వాళ్లిద్దరూ ఒక్కటిగా ఉంటే టీమ్‌లను మార్చాలన్న నా ప్రతిపాదన ఆగిపోతుంది. విడిపోతే నాకు దారి. విడిపోయారు. ప్రతిపాదన పాసైంది, నాకు పై పోస్టూ వచ్చింది.

ధర్మరాజు "అశ్వత్థామ హతః" అని గట్టిగా, "కుంజరః" అని మెల్లగా అన్నాడు. ఏనుగు చచ్చిన మాట నిజమే. అయినా నేలకు నాలుగు వేళ్ల ఎత్తున నడిచే ఆయన రథం నేల మీదికి దిగిపోయింది. చిన్నప్పుడు తాతయ్య ఈ కథ చెబితే, నిజమే కదా చెప్పాడు, రథమెందుకు దిగాలని వాదించేదాన్ని.

రెండేళ్ల తర్వాత ఎవరిదో ఫేర్‌వెల్ భోజనంలో వాళ్లిద్దరికీ పాత సంగతి మాటల్లో వచ్చింది. ఎవరేం అన్నారో ఒకరికొకరు చెప్పుకున్నారు. నాతో గొడవ పడలేదు, పైవాళ్లకు ఫిర్యాదు చేయలేదు. నా గదిలోకి రావాల్సి వస్తే మూడో మనిషిని వెంటబెట్టుకుని రావడం మొదలుపెట్టారు. ఆరు నెలల్లో ఫ్లోరంతా అదే తీరు. 1959లో ఫ్రెంచ్, రేవెన్ అనే ఇద్దరు మనస్తత్వవేత్తలు అధికారానికి అయిదు మూలాలు చెప్పారు: ఇవ్వగలగడం, శిక్షించగలగడం, హోదా, నైపుణ్యం, మనిషంటే ఉండే ఇష్టం. నాకు మొదటి మూడూ పెరిగాయి, చివరిది పోయింది. సెలవులు మంజూరు చేయడానికి ఆ మూడూ చాలు. "టీమ్‌లో ఏదో తేడాగా ఉంది మేడమ్" అని తలుపు తట్టి చెప్పేవాళ్లు మాత్రం లేరు. హెచ్‌ఆర్‌కి అసలు బలం ఆ మాటే.

అపోహ: నిజాయితీపరుడికి స్ట్రాటజీ అక్కర్లేదు, తలవంచుకుని పనిచేస్తే గుర్తింపు అదే వస్తుంది.

వాస్తవం: రాదు. మన ఇంజినీర్లకు ఇంట్లో చెప్పి పంపే మాట ఇది, పాపం పదేళ్లు దీన్నే నమ్ముకుని కూర్చుంటారు. నిర్ణయించేవాళ్లతో మీటింగ్‌కి ముందే మాట్లాడటం, ఎవరికేం కావాలో తెలుసుకోవడం, వేళ చూసి అడగడం, వీటిలో తప్పేమీ లేదు. జీతం బేరంలో మీ కనీస అంకె చెప్పకపోవడం కూడా మోసం కాదు, అది బేరమని ఇద్దరికీ తెలుసు.

మరి గీత ఎక్కడ? ఇతరుల హక్కులను తాకే పని ఏదైనా సరే, దాని వెనకున్న సూత్రం బయటికి చెబితే నిలవదంటే ఆ పని అన్యాయమేనని 1795లో జర్మన్ తత్వవేత్త కాంట్ రాశాడు. ఆయన మాట్లాడింది రాజ్యాల గురించి, నేను దాన్ని క్యుబికల్‌కి తెచ్చాను. నా దగ్గరికొచ్చేవాళ్లను ఒకటే అడుగుతాను: "నువ్వు చేసింది ఆ మనిషికి నీ నోటితోనే చెప్పగలవా?" "మీరు కాదంటారేమోనని ముందే వచ్చి కలిశాను" అని ముఖం మీదే చెప్పొచ్చు. "మీ ఇద్దరికీ చెడాలనే సగం మాట చెప్పాను" అని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

అపోహ: మనవాళ్లను మనం చూసుకోవడం రాజకీయం కాదు.

వాస్తవం: రిఫరల్ ఇవ్వడం వేరు. ఇంటర్వ్యూ మధ్యలో "ఏ ఊరు మీది?" అని తెలుగులోకి దిగిపోవడం, ప్రమోషన్ల సంగతి లిఫ్ట్ దగ్గర తెలుగులో తేల్చేసుకుని లోపలికొచ్చి ఇంగ్లిష్‌లో చర్చ నటించడం వేరు. పక్కనున్న కన్నడ కొలీగ్‌కి అర్థం కాదులే అనుకుంటాం. ఈ ఊళ్లో చాలామందికి తెలుగు బాగానే అర్థమవుతుంది.

అపోహ: ఎదుటివాడు ఆట ఆడుతుంటే మనమూ ఆడాల్సిందే.

వాస్తవం: పనిచేసే మందు చప్పగా ఉంటుంది. నోటిమాట అయిన పది నిమిషాల్లో ఒక మెయిల్: "మనం అనుకున్నవి ఇవి, తేడా ఉంటే చెప్పండి." ఎవరైనా "ఫలానా ఆయన నీ గురించి ఇలా అన్నాడు" అంటే, "అయితే ముగ్గురం కూర్చుని మాట్లాడదాం" అనండి. ఆ రోజు ఆ మేనేజర్ నాతో ఈ ఒక్క ముక్క అని ఉంటే నా ఎత్తు ఆ మధ్యాహ్నమే చిత్తయ్యేది. ఆట ఆడేది మీ బాసే అయితే ఇది అంతగా పనిచేయదు. మెయిళ్లు దాచుకోండి, వేరే టీమ్ చూసుకోండి.

మొన్న కడప అబ్బాయి ఫోన్ చేశాడు. లీడ్ పోస్టుకు పోటీలో ఉన్న కొలీగ్ దగ్గరికి తనే వెళ్లి, "నేనూ అడుగుతున్నాను" అని చెప్పేశాడట.

"ఏమందిరా ఆ అమ్మాయి?"

"నాకు నిన్ననే తెలుసు, కాఫీ నువ్వే ఇప్పించు అందక్కా."

పోస్టు ఎవరికన్నది ఇంకా తేలలేదు.