ఆండ్రాయిడ్‌ను పొగిడేవాళ్లు, తిట్టేవాళ్లు

చిక్కడపల్లి, హైదరాబాద్

పిల్లలూ,

ఆండ్రాయిడ్ గొప్పదా, ఐఫోన్ గొప్పదా అని మీలో మీరు వాదించుకుని, తేలక నా మీదికి తోశారు. ఫోన్లు అమ్మి, బాగుచేసే కొట్టు పెట్టుకున్న పెద్దనాన్న ఉన్నాడు కదా, ఆయనే చెబుతాడులే అనుకున్నట్టున్నారు. నేను తీర్పు చెప్పను కానీ, కౌంటర్ దగ్గర కూర్చుని రోజూ వినే మాటలు చెబుతాను. ఐఫోన్ వాళ్లు మా కొట్టుకు తక్కువే వస్తారు. వచ్చినా అద్దం పగిలిందనో, చార్జింగ్ ఆగట్లేదనో వస్తారు. అందుకని ఈ ఉత్తరంలో ఎక్కువగా ఆండ్రాయిడ్ సంగతే ఉంటుంది.

"ఆండ్రాయిడ్ వేస్ట్" అని ఎవరైనా అంటే నేను మూడు ప్రశ్నలు వేస్తాను. ఏ కంపెనీ ఫోన్? ఎంతకు కొన్నావు? కొని ఎన్నేళ్లయింది? "ఆండ్రాయిడ్ సూపర్" అన్నవాళ్లనూ అవే అడుగుతాను. జవాబులు తెలిస్తే గానీ ఆ అభిప్రాయం దేని గురించో అర్థం కాదు. ఇది అర్థం కావాలంటే ఆండ్రాయిడ్ ఎలా పుట్టిందో కాస్త తెలియాలి.

2003లో అమెరికాలో ఆండీ రూబిన్, రిచ్ మైనర్, నిక్ సియర్స్, క్రిస్ వైట్ అనే నలుగురు కలిసి ఆండ్రాయిడ్ అనే కంపెనీ పెట్టారు. వాళ్లు సిస్టమ్, అంటే యంత్రాన్ని నడిపించే సాఫ్ట్‌వేర్, రాయాలని మొదట అనుకున్నది ఫోన్ల కోసం కాదు, డిజిటల్ కెమెరాల కోసం. తర్వాత ఫోన్ల వైపు మళ్లారు. 2005లో గూగుల్ ఆ కంపెనీని కొనేసింది. 2008లో హెచ్‌టీసీ తయారుచేసిన మొదటి ఆండ్రాయిడ్ ఫోన్ బయటికొచ్చింది. ఆండ్రాయిడ్ అడుగున ఉన్నది లినక్స్ అనే ఉచిత సిస్టమ్. అసలు కోడ్ అందరికీ తెరిచే ఉంటుంది. ఏ కంపెనీ అయినా తీసుకుని, తనకు కావలసినట్టు మార్చుకుని, తన ఫోన్‌లో పెట్టి అమ్ముకోవచ్చు. ప్లే స్టోర్, మ్యాప్స్, యూట్యూబ్ లాంటి గూగుల్ సొంత యాప్‌లు కావాలంటే మాత్రం గూగుల్‌తో ఒప్పందం ఉండాలి. బిల్డర్ పిల్లర్లు లేపి, గోడలు కట్టి ఇస్తే ఎవరి ఫ్లాట్ లోపల వాళ్లు తమకు నచ్చిన పని చేయించుకున్నట్టు ఉంటుంది. అందుకే ఒకే ఆండ్రాయిడ్ వెర్షన్ ఉన్న రెండు కంపెనీల ఫోన్లు పక్కపక్కన పెడితే సెట్టింగ్స్ పేర్లు కూడా కలవవు.

నేను విన్న పొగడ్తలూ తిట్లూ దాదాపు అన్నీ ఈ ఒక్క చోటి నుంచే వచ్చాయి.

మా కొట్టుకు దగ్గర్లోనే సిటీ సెంట్రల్ లైబ్రరీ ఉంది కదా. గ్రూప్స్‌కు, పోలీసు ఉద్యోగాలకు చదువుకునే పిల్లలు పొద్దున్నే వచ్చి రాత్రిదాకా అక్కడే ఉంటారు. వాళ్లకు ఆండ్రాయిడ్ ఎందుకు ఇష్టమో అడిగితే ధర తర్వాత చెప్పేది ఫైళ్ల గురించే. ఒకడి ఫోన్‌లో ఉన్న పీడీఎఫ్‌లు నెట్ లేకుండానే పక్కవాడి ఫోన్‌లోకి వెళ్లిపోతాయి. పెన్‌డ్రైవ్‌ను చిన్న ఓటీజీ ముక్కతో నేరుగా ఫోన్‌కే పెట్టేస్తారు. చాలా ఫోన్లలో మెమరీ కార్డు కూడా వేసుకోవచ్చు. ఏ ఫోల్డర్‌లో ఏముందో తెరిచి చూసుకోవచ్చు. గది అద్దె, మెస్ బిల్లు కట్టుకుని మిగిలిన దాంతో ఫోన్ కొనుక్కునేవాళ్లకు ఇది చిన్న విషయం కాదు.

తెలుగు సంగతి కూడా చెప్పాలి. తొలి రోజుల ఆండ్రాయిడ్ ఫోన్లలో తెలుగు మెసేజ్ వస్తే అక్షరాల బదులు డబ్బాలు కనిపించేవి. 2012లో జెల్లీ బీన్ అనే ఆండ్రాయిడ్ వెర్షన్ వచ్చాక అక్షరాలు అక్షరాల్లా కనిపించడం మొదలైంది. 2014లో వచ్చిన లాలీపాప్ వెర్షన్‌తో మెనూలు, సెట్టింగ్స్ కూడా తెలుగులో పెట్టుకునే వీలొచ్చింది. ఇప్పుడు కీబోర్డులో ఇంగ్లీష్ అక్షరాలతో కొడితే తెలుగైపోతుంది, మైకు నొక్కి మాట్లాడినా టైపవుతుంది. కూరగాయల బండి ఆయన లెక్కలన్నీ అలా నోటితో చెప్పే రాయించుకుంటాడు. మరో వైపు 2018 ఫిబ్రవరిలో మన 'జ్ఞా' ఐఫోన్లను పడగొట్టింది, మీకు గుర్తుండదులే. 'జ్ఞ'కూ దీర్ఘానికీ మధ్య కంటికి కనిపించని ఒక గుర్తు చేరిన మెసేజ్ వస్తే చాలు, దాన్ని చూపించబోయి యాప్ మూతపడిపోయేది. మళ్లీ తెరిస్తే మళ్లీ మూతపడేది. ఆపిల్ వాళ్లు ఆ నెలలోనే 11.2.6 అని ఒక అప్‌డేట్ పంపి సరిచేశారు. అంత ఖరీదైన ఫోన్‌ను ఒక్క తెలుగు అక్షరం ఆపేసిందని కొట్లో అందరం తెగ నవ్వుకున్నాం. కానీ సరిచేసిన అప్‌డేట్ ఐఫోన్ వాళ్లందరికీ ఒకేసారి అందింది చూడండి, దాని సంగతికి మళ్లీ వస్తాను.

ఇక తిట్లు. అన్నిటికంటే ఎక్కువ కోపంగా వచ్చేది ఫుడ్ డెలివరీ చేసే కుర్రాళ్లు. "అన్నా, ఆర్డర్ వచ్చింది ఫోన్‌కి తెలుస్తలేదు. యాప్ ఓపెన్ చేస్తేనే కనబడుతుంది, అప్పటికి ఆర్డర్ వేరేవాడికి పోతుంది" అంటారు. సిగ్నల్ బాగానే ఉంటుంది, నెట్ ప్యాక్ ఉంటుంది, ఫోన్ కొత్తదే. మరి తప్పెక్కడ?

గూగుల్ 2015లో మార్ష్‌మాలో వెర్షన్‌లో డోజ్ అని ఒక ఏర్పాటు పెట్టింది. ఫోన్ కదలకుండా పక్కన పడి ఉంటే వెనక నడిచే యాప్‌లను నిద్రపుచ్చి బ్యాటరీ మిగులుస్తుంది. ముఖ్యమైన మెసేజ్ వస్తే లేపడానికి ఒక దారి కూడా ఉంచింది. అక్కడితో ఆగితే బాగుండేది. కొన్ని ఫోన్ల కంపెనీలు దాని మీద తమ సొంత పొదుపు కూడా ఎక్కించాయి. స్క్రీన్ ఆగిన కాసేపటికే వెనక ఉన్న యాప్‌ను పూర్తిగా మూసేస్తాయి. చైనాలో గూగుల్ సేవలు లేవు కాబట్టి అక్కడి యాప్‌లు మెసేజ్‌ల కోసం ఎవరికి వాళ్లు మేలుకుని ఉంటాయి, బ్యాటరీ తాగేస్తాయి. అక్కడ ఆ కఠినత్వానికి అర్థం ఉంది. అదే అలవాటు మన దగ్గర అమ్మే ఫోన్లలోకీ వచ్చింది. బ్యాటరీ రెండు రోజులు వస్తుందని ప్రకటనలో రాసుకోవచ్చు, అలారం మోగకపోతే మాత్రం కొన్నవాడి ఖర్మ.

కుర్రాడి ఫోన్ తీసుకుని నేను చేసేది ఇదే. సెట్టింగ్స్‌లో ఆ యాప్ పేరు మీద నొక్కి, బ్యాటరీలోకి వెళ్లి 'అన్‌రిస్ట్రిక్టెడ్' పెడతాను. ఆటోస్టార్ట్ అని ఇంకోచోట ఉంటే అదీ ఆన్ చేస్తాను. ఇటీవల వాడిన యాప్‌లు వరసగా కనిపించే చోట దాని మీద తాళం గుర్తు పెడతాను. ఒక కంపెనీ ఫోన్‌లో ఈ మూడూ మూడు వేర్వేరు మూలల్లో ఉంటాయి. దీనికి డబ్బులు తీసుకోను. మరుసటి రోజు నుంచి వాడే "ఆండ్రాయిడ్ మస్తుంది అన్నా" అంటాడు. నిన్న తిట్టిందీ, ఇవాళ పొగిడిందీ ఆండ్రాయిడ్‌ను కాదని వాడికి చెప్పి లాభం లేదు, ఆర్డర్లు వస్తున్నాయి కదా.

రెండో గోల స్పేస్ ఫుల్. ఇందులో సగం మన గుడ్ మార్నింగ్ ఫొటోల పుణ్యమే కానీ, మిగతా సగానికి ఫోన్ కొన్నవాళ్ల బాధ్యత లేదు. తక్కువ ధర ఫోన్ పెట్టె తెరిచేసరికే ఎవరూ అడగని యాప్‌లు లోపల కూర్చుని ఉంటాయి. కొన్నిటిని తీసేయవచ్చు, కొన్నిటిని ఆపడమే తప్ప తీయడం కుదరదు. కొన్ని ఫోన్లలో సెట్టింగ్స్‌లోనే యాడ్స్ వస్తాయి, ఇది నాకు అస్సలు నచ్చదు. ఫోన్ ధర తగ్గించి, మిగతాది ఇలా రాబట్టుకోవడమన్నమాట. గూగుల్ వైపు నుంచి కూడా బలవంతం ఉండేది. ప్లే స్టోర్ కావాలంటే తమ యాప్‌లన్నీ కట్టగట్టి పెట్టాలనేది. దాని మీదే 2022 అక్టోబర్‌లో మన కాంపిటిషన్ కమిషన్ గూగుల్‌కు 1,337.76 కోట్ల రూపాయల జరిమానా వేసింది. ఆ తర్వాతే యాప్‌లను విడివిడిగా తీసుకునే వీలు, వెతికే సైటును మనమే ఎంచుకునే వీలు మన దేశంలో వచ్చాయి.

అప్‌డేట్ల సంగతికి వస్తానన్నాను. గూగుల్ కొత్త వెర్షన్ ఇస్తే అది ముందు చిప్ చేసేవాళ్ల దగ్గరికి, అక్కడి నుంచి ఫోన్ కంపెనీకి వెళ్తుంది. వాళ్లు తమ మార్పులన్నీ దాని మీద మళ్లీ అతికించి పరీక్షించాక మనకు వస్తుంది. ఏడు వేలకు అమ్మిన ఫోన్‌కు రెండేళ్ల తర్వాత అంత కష్టం ఎవరు పడతారు? ఈ జాప్యం తగ్గించడానికి గూగుల్ 2017లో ట్రెబుల్ అనే మార్పు తెచ్చి, చిప్ వాళ్ల భాగాన్నీ ఆండ్రాయిడ్ భాగాన్నీ విడదీసింది. పరిస్థితి మెరుగైంది. 2023లో గూగుల్ పిక్సెల్ 8కూ, 2024లో శామ్‌సంగ్ ఎస్ 24కూ ఏడేళ్ల అప్‌డేట్లు ఇస్తామని ప్రకటించారు. అవి ఖరీదైన ఫోన్లు. చవక ఫోన్లకు ఆ భాగ్యం ఇంకా పట్టలేదు. ఆపిల్‌కు ఈ తలనొప్పి లేదు. ఫోనూ వాళ్లదే, సిస్టమూ వాళ్లదే. 2015లో వచ్చిన ఐఫోన్ 6ఎస్‌కు 2021 నాటి వాళ్ల సిస్టమ్ ఐఓఎస్ 15 కూడా వచ్చింది. ఐఫోన్ పొగిడేవాళ్లు కెమెరా గురించి ఎంత చెప్పినా నేను పట్టించుకోను కానీ, ఈ మాట దగ్గర వాళ్లదే పైచేయి.

ఇప్పుడు నన్ను నిజంగా టెన్షన్ పెట్టే విషయం. ఆండ్రాయిడ్‌లో ప్లే స్టోర్ బయటి నుంచి కూడా యాప్ వేసుకోవచ్చు. ఇది దాని బలమని చెప్పేవాళ్లలో నేనూ ఒకణ్ని. సొంతంగా ఒక చిన్న యాప్ రాసుకుని, ఎవరి అనుమతీ లేకుండా మీ ఫోన్‌లో వేసుకుని నడిపించవచ్చు. మీలో ఒకరు ఆ పని చేస్తున్నారని విన్నాను, సంతోషం. కానీ అదే తలుపులోంచి దొంగలూ వస్తున్నారు. వాట్సాప్‌లో "మీ బండికి చలానా పడింది" అని ఒక ఏపీకే ఫైలు, అంటే నొక్కితే ఫోన్‌లో యాప్ వేసే ఫైలు, వస్తుంది. లేదా పెళ్లి శుభలేఖ పేరుతో వస్తుంది. శుభలేఖ అయితే ఫొటోనో పీడీఎఫో ఉండాలి కానీ, దాన్ని ఇన్‌స్టాల్ చేయడమేమిటి?

అది లోపలికి వచ్చాక ముందుగా అడిగేది తరచుగా యాక్సెసిబిలిటీ అనుమతి. ఇది అసలు ఎవరి కోసం ఉందో చెబుతాను. మా కొట్టుకు చూపు లేని ఒక సంగీతం మాస్టారు వస్తారు. ఆయన ఫోన్‌లో తెరను చదివి వినిపించే టాక్‌బ్యాక్ ఆన్‌లో ఉంటుంది. వేలితో కుడివైపుకు జరిపితే తెరమీద తర్వాతి మాట చదువుతుంది, రెండుసార్లు తడితే తెరుచుకుంటుంది. మనకు అర్థం కానంత వేగంగా ఆ గొంతు పెట్టుకుని, డబ్బులు పంపడం, మెట్రో టికెట్ తీసుకోవడం అన్నీ ఆయనే చేసుకుంటారు. అలా చదివి వినిపించాలంటే ఆ యాప్ తెరమీద ఉన్నదంతా చూడగలగాలి, మన బదులు నొక్కగలగాలి. మాస్టారికి కళ్లయిన ఆ అనుమతే దొంగ యాప్ చేతికి చిక్కితే ఓటీపీ చదువుతుంది, బ్యాంకు యాప్‌లో బటన్లు నొక్కుతుంది. గూగుల్ దాన్ని పూర్తిగా తీసేయలేదు, తీసేస్తే మాస్టారి ఫోన్ మూగబోతుంది. అందుకే 2022లో ఆండ్రాయిడ్ 13 నుంచి, బయటి నుంచి వచ్చిన యాప్‌లకు ఈ అనుమతి తేలిగ్గా దొరక్కుండా అడ్డం పెట్టింది. పాత వెర్షన్ ఫోన్లలో ఆ అడ్డం లేదు. మీ నానమ్మ దగ్గరున్నది అలాంటిదే. ఎప్పుడైనా డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలని ఆమెకు చెప్పి ఉంచండి.

ఒక్క మాట మర్చిపోయాను. వాడినవాళ్లంతా మెచ్చుకున్నా చనిపోయిన సిస్టమ్ ఒకటుంది, మైక్రోసాఫ్ట్ వాళ్ల విండోస్ ఫోన్. దానితో నడిచే నోకియా లూమియా 520లో ఉన్నది 512 ఎంబీ ర్యామే, అయినా వెన్నలా కదిలేది. దానికి యూట్యూబ్ యాప్ సరిగా లేదు, ఇన్‌స్టాగ్రామ్ ఆలస్యంగా వచ్చింది. యాప్‌లు రాసేవాళ్లు రాకపోతే కొనేవాళ్లు రారు, కొనేవాళ్లు లేరని రాసేవాళ్లూ రారు. మన బేగంపేటలోని హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో చదివిన సత్య నాదెళ్ల 2014లో మైక్రోసాఫ్ట్ పెద్ద అయ్యారు, మరుసటి ఏడాదే తమ కంపెనీ కొన్న నోకియా ఫోన్ల వ్యాపారం మీద 760 కోట్ల డాలర్ల నష్టం రాసేసుకున్నారు. 2019 ఆఖరున వాట్సాప్ కూడా ఆ ఫోన్లలో ఆగిపోయింది. ఆ లూమియాలు ఆబిడ్స్ జగదీష్ మార్కెట్‌లో ఎవరూ అడగని ధరకు పడి ఉండేవి.

ఏ ఫోన్ కొనాలి అని కాలేజీలో చేరబోయేది అడిగిన ప్రశ్నకు జవాబు: ఇరవై వేల లోపు ఆండ్రాయిడే తీసుకో, ర్యామ్, కెమెరా కంటే ముందు ఎన్నేళ్లు సెక్యూరిటీ అప్‌డేట్లు ఇస్తారో చూడు. కొనేముందు పేరు నాకు వాట్సాప్ చెయ్యి. మిగతావాళ్లు మీ ఇంట్లో ఉన్న ఫోన్లన్నిటిలో సెట్టింగ్స్‌లోకి వెళ్లి, అబౌట్ ఫోన్ నొక్కి, ఆండ్రాయిడ్ వెర్షన్ ఎంత, సెక్యూరిటీ అప్‌డేట్ తేదీ ఏది అన్నది రాసి పంపండి. ముందు నానమ్మ ఫోన్ చూడండి.

మీ
పెద్దనాన్న